మూడు గీతల వంపు

మా ఊరి నేల కింద ఏముందో అందరూ చూసుకునేలా ఒకే మ్యాపు తయారుచేయడం నా పని. నీళ్లవాళ్లు, కరెంటువాళ్లు, ఫోన్లవాళ్లు తమ మ్యాపులివ్వడానికి నన్ను కాళ్లరిగేలా తిప్పారు. ఒకరు తవ్వితే ఇంకొకరి తీగ తెగేది. తిట్లకు మాత్రం కొదవుండేది కాదు.

చివరికి మూడు మ్యాపులనూ కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పరిచి, ముగ్గురు మేస్త్రీలనూ తెర ముందు కూర్చోబెట్టాను. తిన్నగా వచ్చిన మూడు గీతలూ మా ఆఫీసు ముందు ఒకేచోట వంగి, మళ్లీ తిన్నగా సాగాయి.

"ముగ్గురూ తప్పే గీశారా?" అని విసుక్కున్నాను.

"తప్పు కాదమ్మా. అక్కడ చెట్టుంది. వేళ్లు నరకడానికి చేతులు రాలేదు," అన్నాడు నీళ్ల మేస్త్రీ.

కరెంటాయన నోరెళ్లబెట్టాడు. "నీకూ రాలేదా, బాబాయ్?"

ఫోన్లాయన మెల్లగా తలూపాడు.

కిటికీ తెరిచి చూశాను. ఇన్నేళ్లుగా నేను స్కూటరు పెట్టుకుంటున్నది ఆ నీడలోనే.