ఫ్రీడా మేజోళ్ల కొలత

యుద్ధం మా స్విట్జర్లాండులోకి రాలేదంటారు. మా పిల్లల ఒంటిమీదికి మాత్రం వచ్చింది. మగవాళ్లు సరిహద్దు కాపలాకి వెళ్లిపోయారు. ఉన్నికీ రేషన్ కూపన్లే, తోలుకీ కూపన్లే. మా లోయలో పిల్లలు చెక్క అడుగుల బూట్లు టకటకలాడించుకుంటూ బడికొచ్చి, వసారాలో వాటిని విడిచి, గుడ్డ చెప్పులు తొడుక్కుని లోపలికొచ్చేవారు. ఆడపిల్లలకి గౌను మీద నల్ల ఏప్రన్ ఉండేది. ఆడా మగా తేడా లేకుండా అందరికీ తొడల దాకా ఉన్ని మేజోళ్లు, అవి జారకుండా లోచొక్కాకి కుట్టిన పట్టీలు. పాత స్వెట్టర్లు విప్పి అల్లిన ఆ ఉన్ని ఎంత దురదంటే, లెక్కలు చెప్పే సమయమంతా పిల్లలు కాళ్లు గోక్కోవడంతోనే సరిపోయేది.

నేను ఆ బళ్లో ఆడపిల్లలకి అల్లిక నేర్పేదాన్ని. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని ఊళ్లో చెప్పుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఫ్రీడా అనే పిల్ల గెర్బర్ అనే రైతు వాళ్లింట్లో ఉండేది. వాళ్ల పిల్ల కాదు. తండ్రి పోయాక, తల్లి ఒక్కతీ ఫ్యాక్టరీ కూలితో పిల్లని సాకలేదని ఊరి పెద్దలు తీర్మానించి, ఆరేళ్ల పిల్లని తెచ్చి గెర్బర్ వాళ్లింట్లో పడేశారు. తల్లి వచ్చి చూడకూడదన్నారు. వస్తే పిల్ల మనసు చెదిరిపోతుందట. ఇలాంటి తెలివితేటలు మా పెద్దలకి పుష్కలంగా ఉండేవి. పిల్ల తెల్లారకముందే లేచి ఆవుల కొట్టం శుభ్రం చేసి, ఆ వాసనతోనే బడికొచ్చేది. ఏప్రన్ గోనెగుడ్డది. మేజోళ్లకి ఎన్ని రంగుల అతుకులు పడ్డాయో, అసలు రంగేదో ఎవరికీ తెలియదు.

"ఒసేయ్ ఫ్రీడా, మా తాత పాత స్వెట్టరు నీ మోకాలి దగ్గరుందే. ఆయన కనబడితే దానికి దండం పెడతాడు," అని మిగతా పిల్లలు ఏడిపించేవారు.

ఫ్రీడా మాటకి మాట అనేది. "పెట్టమను. నా మోకాలు దీవిస్తుంది."

ఆ నోరు ఒక్క విషయంలోనే మూతపడేది. మొదటి ఏడాది క్రిస్మస్‌కి, తనకేమైనా పార్సిల్ వచ్చిందా అని గెర్బరమ్మని అడిగిందట. ఏమీ రాలేదందామె. రెండో ఏడూ అదే జవాబు. మూడో ఏడు అడగలేదు. ఒకసారి దారం చుట్టిపెడుతూ నన్నడిగింది: "పంతులమ్మగారూ, అమ్మలు మర్చిపోతారా అండీ?" మర్చిపోరన్నాను. నా మాట నమ్మినట్టు కనబడలేదు. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు.

ఆ చలికాలం నేను పాదం మార్చడం నేర్పుతున్నాను. చిరిగిన మేజోడుకి పాదం కత్తిరించి, పైభాగానికి కొత్త పాదం అల్లాలి. ఆ రోజుల్లో ఇది రాని ఆడపిల్ల మా దగ్గర ఉండేది కాదు. గెర్బర్ వాళ్ల సొంత కూతురు లోట్టి మొదటి తరగతి. బొద్దుగా, అమాయకంగా ఉండేది. దాని మేజోడు మడమ దగ్గర చిరిగింది. అందరిలోకీ బాగా అల్లేది ఫ్రీడానే కాబట్టి, దగ్గర కూర్చుని చూపించమన్నాను.

ఫ్రీడా కత్తెర పట్టుకుని మేజోడు తిరగేసింది. కత్తెర కిందపెట్టింది. చిరుగు పక్కన మిగిలిన మడమని బొటనవేలితో తడిమింది. చెప్పులో దాగి ఎప్పుడూ కనబడని ఆ చోట రెండు పోగులు కలిపి, ఒక కుట్టు అల్లి ఒకటి వదిలేసి, అంచులో వంకాయరంగు దారం తిప్పి ఉంది. మడమ అల్లే పద్ధతి ఇంటింటికీ వేరుగా ఉంటుంది. ఇది మా లోయలో ఎవరిదీ కాదు.

"ఇది ఎవరల్లారు లోట్టీ?"

"ఏమో. ప్రతి క్రిస్మస్‌కీ పోస్టులో వస్తాయి. అమ్మ నాకిస్తుంది," అంది లోట్టి. దాచాలని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

"మా అమ్మ అల్లే మడమ ఇది," అంది ఫ్రీడా. తర్వాత నా వైపు తిరిగింది. దొంగతనం గురించి ఒక్క మాట అనలేదు. దాని ముఖం వెలిగిపోతోంది. "పంతులమ్మగారూ, పంపిందండీ. ప్రతి ఏడూ పంపిందండీ."

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. బడి వదలగానే మంచులో పడి గెర్బర్ వాళ్లింటికి వెళ్లాను. గెర్బరమ్మ పొయ్యి దగ్గర బంగాళాదుంపలు తురుముతోంది.

"ఆ పిల్ల మేజోళ్లు ఎక్కడమ్మా?"

ఆమె బెదరలేదు. "దానికి సరిపోవండీ. సరిపోని వాటిని పెట్టెలో పెట్టి పూజ చెయ్యనా? ఉన్ని దొరకని రోజులు. లోట్టికి సరిపోయాయి, తొడిగాను."

"వచ్చాయని చెప్పడానికేం?"

"చెబితే ఏడుస్తుంది. ఏడుస్తూ కూర్చుంటే పాలెవరు పితుకుతారు, మీరొస్తారా?"

నేనన్న మాటలు ఇక్కడ రాయను. ఈ ఏడు వచ్చిన జత ఇంకా తొడగలేదని తెలిసి, అది బయటికి తీసేదాకా కదలలేదు. పాతవి రెండు జతలూ కూడా తీయించాను. చేతికిస్తూ ఆమె అంది: "తీసుకెళ్లండి. తొడిగి చూస్తే మీకే తెలుస్తుంది." వంకరగా అందనుకున్నాను. కోపంలో ఉన్నదాన్ని, వాటిని విప్పి చూడనైనా లేదు.

మర్నాడు పొద్దున్నే వసారాలో ఫ్రీడా చేతిలో పెట్టాను. కొత్త జతని ముఖానికి ఆనించుకుంది. బల్లమీద కూర్చుని, పాత మేజోళ్లు విప్పేసి, గోళ్లు తగలకుండా జాగ్రత్తగా పాదం దూర్చింది. సగంలో ఆగింది. లాగింది. మడమ ఉండాల్సిన అల్లిక అరికాలు మధ్యకొచ్చి నిలబడిపోయింది.

ఫ్రీడా దాన్ని తీసి, మూడు జతలూ ఒకదాని పక్కన ఒకటి పరిచింది. మూడూ ఒకటే పొడవు.

మా దగ్గర కొత్త మేజోడు అల్లేటప్పుడు పిల్లల పాత మేజోడు పక్కన పెట్టుకుని కొలుచుకుంటారు. ఆ తల్లి దగ్గర మిగిలింది పిల్లని తీసుకెళ్లిన నాటి మేజోడు ఒక్కటే. కొలుచుకోవడానికి ఎదురుగా కాలు లేదు. ఎదిగిందని చెప్పిన మనిషి లేడు.

"ఉన్ని మంచిదే తల్లీ," అన్నాను. "విప్పేసి నీ కొలతకి అల్లుకుందాం. ఆ మడమే వేద్దాం."

ఫ్రీడా తల అడ్డంగా ఊపింది. ఏడవలేదు. ఆ చిన్న పాదాల పక్కన తన పాదం పెట్టి చూసింది.

"అమ్మకి నేనింకా ఇంతే ఉన్నానండీ," అంది. "రేపెప్పుడైనా నన్ను ఇంటికి పోనిస్తే, స్టేషన్లో ఇంత పిల్ల కోసమే చూస్తుంది. నేను ఎదురుగా నిలబడ్డా దాటి వెళ్లిపోతుందండీ."

  

అప్పుడే లోట్టి లోపలికొచ్చింది. ఇంట్లో గొడవ విన్నట్టుంది, ఏడుపు ముఖంతో తలుపు దగ్గరే నిలబడింది. మేజోళ్లు లేకుండా వచ్చింది. చలికి కాళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఇలా రావే," అంది ఫ్రీడా. లోట్టిని బల్లమీద కూర్చోబెట్టి, తను నేలమీద కూర్చుని, తల్లి పంపిన కొత్త మేజోళ్లు ఒక్కొక్కటిగా దాని కాళ్లకి ఎక్కించింది. మడమ సరిగ్గా మడమ మీద కూర్చుంది. పట్టీలకి బొత్తాలు పెట్టింది. ఆ రెండు కాళ్లనీ ఒళ్లోంచి దించకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.