ఓడ మారిందన్న మనిషి

అతనికి నేను పెట్టిన పేరు గూఢచారి. మెడలో కెమెరా, చంకలో ల్యాప్‌టాప్, నోరు విప్పేముందు కిటికీ వైపు ఒక దొంగచూపు. మా ఆయన పనిచేసిన పెద్ద ఓడ మునిగినప్పటి నుంచీ దాని మీద వీడియోలు చేసుకునే బతుకుతున్నాడు. ఇప్పుడు మా ముందుగదికి వచ్చి పడ్డాడు.

"మునిగింది ఆ ఓడ కాదమ్మా," అన్నాడు మా అత్తయ్యతో. "అచ్చం దానిలాగే కట్టిన పాత జంట ఓడ. రంగేసి, పేరు మార్చి, బీమా కోసం ముంచేశారు. సంగతి తెలిసిన పనివాళ్ళని ముందే దించేసి ఎక్కడో దాచారు. వాళ్ళలో మీ అబ్బాయి ఉన్నాడు."

టైటానిక్ మీద కూడా సరిగ్గా ఇలాంటి కథే అల్లారు. పాత చొక్కాకి కొత్త గుండీలు కుట్టి అమ్ముతున్నాడు వీడు. నాకు ఒళ్ళు మండింది. అత్తయ్య మాత్రం కన్నార్పకుండా వింటోంది. శవాన్ని గుర్తుపట్టడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆమె అప్పుడు జ్వరంతో లేవలేని స్థితిలో ఉంది. కొడుకుని చివరిచూపు చూడలేదు కనుక ఆమెకి ఏడుపు కూడా రాలేదు. ఇలాంటివాడి మాట పట్టుకుంటే ఆమె మిగిలిన బతుకంతా ఎదురుచూపులతోనే గడిచిపోతుందని నా భయం.

"ఇక చాలు, లేవండి," అన్నాను. "ఆయన్ని నేనే గుర్తుపట్టాను."

"ముఖం చూశారా?"

ముఖం చూడదగ్గట్టు లేదని ఆసుపత్రివాళ్ళు చూపించలేదు. చెయ్యి మాత్రం చూపించారు. మా ఆయనది ఓడలో ఇస్త్రీ పని. ఇస్త్రీ యంత్రం వేడి మూత అంచు తగిలి ఎడమ ముంజేతి మీద వేలంత మేర కాలింది. సెలవుకి వచ్చినప్పుడు దానికి మందు రాసింది నేనే.

"చేతిమీద మచ్చ చూశాను. అది చాలదా?"

అతను ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. ఓడలోని ఇస్త్రీ గది ఫొటో అది. ఇరుకు గది, గోడకి ఆనించిన యంత్రం, దాని ముందు బనియన్లతో నవ్వుతున్న నలుగురు. చివర మా ఆయన. ఆ ఇరుకులో బట్ట సర్దాలంటే ఎవరైనా ఒక్క వైపు నుంచే, ఎడమ చెయ్యే పెట్టాలి. నలుగురికీ ఎడమ ముంజేతి మీద, ఒకే చోట, అదే మచ్చ.

మిగతా ముగ్గురి శవాలూ దొరకలేదు.

"మీరు సాగనంపింది ఎవరినో మీకే తెలీదు," అన్నాడు.

తిట్టి పంపిద్దామనుకున్నాను.

"ఎక్కడ దాచారన్నారు?" అని అడిగింది నేనే. కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాను. "ఏ ఊళ్ళో? ఆయన్ని చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

అతను గబగబా కెమెరా దీపం వెలిగించాడు. "ముందు మీ అనుమానం ఇందులో చెప్పండి. తర్వాత అన్నీ మాట్లాడుకుందాం."

చెప్పడానికి సిద్ధపడ్డాను. ఆయన బతికుంటే చాలు, ప్రపంచం నన్ను పిచ్చిదాన్నన్నా ఫరవాలేదనిపించింది.

"ఆపు," అంది అత్తయ్య. ఆమె ఫొటో వైపు చూడడం లేదు, నా ముఖంలోకే చూస్తోంది. "దీపం ఆర్పు బాబూ. శవాన్ని నేనూ చూశాను. ముఖంతో సహా చూశాను. వాడు నా కొడుకే."

"మీరూ వెళ్ళారా?"

"వెళ్ళాను. కన్నదాన్ని, నాకు తెలీదా? ఇక బయల్దేరు."

గూఢచారి సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆమె వెళ్ళలేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకీ తెలుసు.

"అత్తయ్యా, మీరు..."

"చూశానన్నానా!" అని కసిరింది. నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. "పోయాడే అమ్మాయ్. వాడు పోయాడు. నువ్వు ఎదురుచూడకు."

అని, ఇన్నాళ్ళూ రాని ఏడుపు నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది.