ఏడో బుట్ట దగ్గరి గడ్డి

మూడో బుట్ట గొలుసుల్లో చిక్కుకున్న పైన్ కొమ్మను లాగి పొదల్లోకి విసిరేసి, రైలి మళ్లీ గడ్డి కోతబండి ఎక్కింది. రాత్రి గాలి వీచింది. దారి పొడుగునా కొమ్మలు పడి ఉన్నాయి. కొమ్మ కనిపించినప్పుడల్లా బండి ఆపాలి, దిగాలి, తీయాలి, ఎక్కాలి. కుడి మోకాలికి ఆపరేషన్ అయినప్పటినుంచి ఆమె దిగినా, ఎక్కినా ఎడమ కాలు ముందు పెడుతుంది. ఎక్కేటప్పుడు స్టీరింగు పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంటుంది.

కొయివులా పురపాలికలో పార్కులూ స్కీ దారులూ చూసుకునే పని ఆమెది. వేసవి వచ్చిందంటే ఎక్కువగా ఈ అడవిలోనే ఉంటుంది. స్ప్రూస్ చెట్లు కొట్టి, మధ్యలో దారులు తీసి, డిస్క్ గోల్ఫ్ కోసం వేసిన మైదానం ఇది. పద్దెనిమిది అరుగులు, పద్దెనిమిది బుట్టలు. అరుగు మీద నిలబడి ప్లాస్టిక్ డిస్క్ విసురుతారు. అది చెట్ల మధ్యనుంచి ఎగిరి, అవతల స్తంభానికి వేలాడే గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. పడకపోతే పడినచోటికి నడిచి, అక్కడినుంచి మళ్లీ విసరాలి. జనం దీనికోసం ఆఫీసులకు సెలవు పెడతారు. రైలి ఒక్కసారి కూడా విసరలేదు. ఎందుకు ఆడవని ఎవరైనా అడిగితే, "నేనూ ఆడితే గడ్డి ఎవరు కోస్తారు?" అంటుంది.

ఐదో దారిలో ఉండగా జేబులో ఫోను మోగింది. కట్రి. కిందటేడు వచ్చిన సూపర్‌వైజరు. రైలి ఇంజను ఆపింది.

"రైలీ, ఎంతవరకు వచ్చావ్?"

"ఐదు."

"శనివారం పోటీకి సావిమాకివాళ్లు కూడా వస్తున్నారు. ఆ ఏడో బుట్ట దగ్గరి గుబురు గురించి క్లబ్బువాళ్లు మళ్లీ అడిగారు. ఈసారి తీసేద్దామా?"

రైలి స్టీరింగుకి అంటుకున్న గడ్డిపరక తీసింది.

"వింటున్నావా?"

"ఊఁ."

"నీ పనికి వంక పెట్టడం కాదు. నీకు తెలుసుగా."

"తెలుసు."

"సాయంత్రం వచ్చి చూస్తా."

ఏడో బుట్ట చిన్న మిట్ట మీద ఉంటుంది. బుట్టకు ఎడమపక్క, రాతికి ఆనుకుని, రెండు మంచాలు వేసేంత నేల. అక్కడ గడ్డి మోకాలి దాకా ఉంది. గడ్డి మధ్యలో పిల్లిగంట పూలు. సన్నటి కాడలకు నీలం గంటల్లా వేలాడతాయి. గాలి లేకపోయినా ఊగుతాయి. డిస్క్ అందులో పడితే వెతుక్కోవాలి. ఆడేవాళ్లు వెతుక్కుంటూ తిట్టుకుంటారు.

ఈ మైదానం వేసింది ఇద్దరు. రైలి, ఓస్మో. ఒక వేసవంతా ఓస్మో రంపం పట్టుకుని ముందు నడిచాడు, రైలి కొమ్మలు లాగుతూ వెనక నడిచింది. దోమలు కుట్టాయి. కాఫీ ఒకే ఫ్లాస్కులోంచి తాగారు. అతను ఎక్కువగా మాట్లాడేవాడు కాదు. ఆమె అంతకంటే తక్కువ. ఓస్మోది ఎడమచేతి వాటం. ఆకు తొడగకముందు, మంచు కరిగే రోజుల్లో భూర్జ చెట్ల కొమ్మలు కోసి చీపుర్లు కట్టేవాడు. తీగతో కాదు. భూర్జ పుల్లనే నానబెట్టి, మెలితిప్పి, దానితోనే బిగించేవాడు. మెలి ఎడమకి తిరిగేది. రైలికి అతనే నేర్పాడు. అందుకని కుడిచేతివాటమైనా ఆమె కట్టే చీపురులోనూ మెలి ఎడమకే తిరుగుతుంది. అది తలకిందుల పద్ధతి అని ఇంకెవరో చెప్పేదాకా ఆమెకు తెలియదు. తెలిశాక కూడా మార్చుకోలేదు. ఆ చీపుర్లలో ఒకటి మొదటి అరుగు పక్కన మేకుకి వేలాడుతుంది. ఆడబోయే ముందు అరుగు మీది పైన్ ఆకులు దానితో ఊడ్చుకుంటారు.

ఓస్మోది సావిమాకి. ఇంట్లో భార్య మంచాన ఉంది. సావిమాకివాళ్లు తమ ఊళ్లో కూడా మైదానం వేసుకుంటూ పిలిస్తే, ఇంటికి దగ్గరని వెళ్లాడు. వెళ్లేరోజు ఏడో బుట్ట దగ్గర నిలబడి, పూలకేసి చూపించి, "వీటిని కొయ్యకు," అన్నాడు.

రైలి కోతబండికేసి చూసింది. "యంత్రం అటు తిరగదులే," అంది.

అతను తలూపి వెళ్లిపోయాడు.

మరుసటి వేసవిలో వెసా అనే ఆటగాడు వచ్చి, సావిమాకిలోనూ ఏడో బుట్ట దగ్గర గడ్డి వదిలేశారనీ, కొయ్యడం చేతకానివాళ్లందరూ ఈ జిల్లాలోనే పుట్టారా అనీ అన్నాడు. రైలి నవ్వలేదు. ఆ రోజు కోతబండిని మామూలు కంటే నెమ్మదిగా నడిపింది.

అప్పటినుంచి ఆటగాళ్ల పోలికలే ఆమెకు కబుర్లయ్యాయి. సావిమాకిలో బురదదారి మీద చెక్కపొట్టు పోశారు, ఇక్కడ జారిపడుతున్నాం అనేవారు. మర్నాడే రైలి చెక్కపొట్టు పోసేది. కొయివులాలో మూడో అరుగు దగ్గర బెంచీ వేశారు, మీ దగ్గర లేదు అని ఎవరో అక్కడికెళ్లి అనేవారు. కొన్నాళ్లకు సావిమాకిలోనూ మూడో అరుగు దగ్గర బెంచీ వెలిసేది. రెండు ఊళ్లకూ పంతం అని అందరూ అనుకున్నారు. ఒకదాన్ని చూసి ఒకటి బాగుపడుతోందని క్లబ్బువాళ్లు సంతోషించారు. ఏడో బుట్ట దగ్గరి గడ్డి ఒక్కటే వాళ్లకు అంతుపట్టలేదు.

మోకాలి ఆపరేషనప్పుడు రైలి బదులు వచ్చిన మనిషి ఆ గడ్డి కోసేశాడు. ఆ వారంలోనే సావిమాకినుంచి ఒకాయన పురపాలిక డిపోకి ఫోను చేసి, "మీ దగ్గర అంతా బాగానే ఉందా?" అని అడిగాడట. బాగానే ఉంది, రైలికి మోకాలు, అంతే అన్నారట. సరే అని పెట్టేశాడట. ఆ మాట చెప్పినవాళ్లు నవ్వుతూ చెప్పారు.

ఓస్మో భార్య పోయిందని కూడా ఆటగాళ్లే అన్నారు, పదకొండో దారిలో, డిస్క్ వెతుక్కుంటూ. ఆ తర్వాత వేసవిలో ఒక ఆదివారం రైలి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని బస్సు స్టాపులో నిలబడింది. ఆ స్టాపులో ఒకే బస్సు ఆగుతుంది. సావిమాకి బస్సు. డ్రైవరు తలుపు తీశాడు. ఆమె ఎక్కలేదు.

"ఎక్కడికి?"

"వేరే బస్సుకోసం," అంది రైలి.

డ్రైవరు ఆమెను కాసేపు చూసి తలుపు వేశాడు.

ఈ ఏడాది కబుర్లు లేవు. సావిమాకి మైదానం బాగుచేస్తున్నారని వసంతంలో మూసేశారు. మళ్లీ తెరిచింది మొన్ననే.

రైలి ఏడో మిట్ట కింద బండి ఆపింది. పైన మాటలు వినిపించాయి. వెసా పూలలో వంగి వెతుకుతున్నాడు. అతని జోడీ యూసో బుట్టకు ఆనుకుని అరటిపండు తింటున్నాడు.

"ఏం రైలీ," అన్నాడు వెసా లేవకుండానే, "ఇక్కడికొచ్చేసరికి బ్లేడు మొద్దుబారుతుందా?"

"చూసి విసరొచ్చుగా."

"వీడు చూసే విసిరాడు," అన్నాడు యూసో. "కళ్లే మొద్దుబారాయి."

"నోర్ముయ్. రైలీ, ఒకసారి సావిమాకి వెళ్లి చూడు. ఆదివారం ఆడొచ్చాం. ఏం చేశారనుకున్నావ్? అరుగులన్నీ కొత్తవి. ప్రతి అరుగుకీ ప్లాస్టిక్ బ్రష్షు. గడ్డి ఈ చివరినుంచి ఆ చివరిదాకా సమంగా. మన మైదానం ఇక వాళ్ల దరిదాపుల్లో లేదు."

"ఏడో దగ్గర?"

"ఏడో దగ్గర కూడా. బిలియర్డ్ బల్లలాగా ఉంది. అక్కడ మొదటిసారి నాకు డిస్క్ పోలేదు."

రైలి చేతి గ్లవు తీసి, మళ్లీ వేసుకుంది.

"ఎవరు కోస్తున్నారు?"

"ఎవరో కాంట్రాక్టువాళ్లు. పనిమంతులు." వెసాకి డిస్క్ దొరికింది. దాన్ని చొక్కాకి తుడుచుకున్నాడు. "నీకు బాధగా ఉంటే చెప్పనులే."

"ఏం లేదు."

వాళ్లు వెళ్లిపోయారు. ఎనిమిదో బుట్ట గొలుసులు మోగాయి. యూసో కేక వేశాడు. రైలి రాతిమీద కూర్చుని ఫ్లాస్కు తెరిచింది. జులై నెల. దేశమంతా సెలవుల్లో ఉంటుంది. ఓస్మో కూడా సెలవు పెట్టి ఉంటాడు. బదులు వచ్చినవాళ్లు కోసి ఉంటారు, తన ఆపరేషనప్పుడు జరిగినట్టే. రై ధాన్యపు రొట్టె కాగితంలోంచి తీసింది. తిరిగి చుట్టేసింది. కాఫీ మాత్రం తాగింది.

పద్దెనిమిదో దారి కోసేసి పార్కింగు దగ్గరికి వచ్చేసరికి వెసా కారు డిక్కీ తీసి బూట్లు మార్చుకుంటున్నాడు.

"నీకోసం ఒకటి తెచ్చాను. ఇందాక మర్చిపోయా," అన్నాడు. డిక్కీలోంచి చీపురు తీశాడు. "సావిమాకివాళ్లు చెత్తలో పడేశారు. వేసవి ఇంటి దగ్గర సౌనా ఆవిరిగది ఊడ్చడానికి పనికొస్తుందని తెచ్చుకున్నా. మా ఆవిడ ఇంకో చీపురు ఇంట్లోకి వస్తే నేను బయటికెళ్లాలంది. నీ దగ్గర ఉన్నది అరిగిపోయిందిగా."

రైలి చీపురు అందుకుంది. మెలి ఎడమకి తిరిగి ఉంది. కొసలు అరగలేదు. ఒక్కసారి కూడా నేలకి తగిలినట్టు లేదు. పుల్లల మీద బెరడు మెరుస్తోంది. పాతది కాదు. ఈ వసంతంలో కట్టింది. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి.

"బాగుందా?" అన్నాడు వెసా.

"బాగుంది," అంది రైలి. "చాలా బాగుంది."

వసంతంలో చీపురు కట్టిన మనిషి సెలవులో ఉంటాడు. అంతే. కారు వెళ్లేదాకా ఆగి, ఆమె పరికరాల షెడ్డు గడపమీద కూర్చుని సావిమాకి డిపో నంబరు కోసం ఆఫీసుకి చేసి అడిగింది. ఆ తర్వాత ఆ నంబరుకి చేసింది. ఒక మగగొంతు పలికింది.

"కొయివులానుంచి చేస్తున్నా," అంది. "మీ దగ్గర అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఏం?"

"మైదానంలో ఏడో బుట్ట దగ్గర గడ్డి కోశారట."

"అదా." ఆ మనిషి నవ్వాడు. "ఓస్మో ఉన్నన్నాళ్లూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు కంపెనీవాళ్లకి అవన్నీ ఏం తెలుస్తాయి?"

"ఉన్నన్నాళ్లూ అంటే?"

అవతల కుర్చీ కదిలిన చప్పుడు.

"ఏప్రిల్లో పోయాడు. గుండె. ఇక్కడే షెడ్డులో, స్టూలు మీద కూర్చునే. చీపురు కట్టి పక్కన పెట్టుకున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాం. పేపర్లో వేశారు కూడా. మీరు చూళ్లేదా?"

"ఆ పేపరు మా ఊరికి రాదు," అంది రైలి.

"మీరు బంధువులా?"

ఆమె ఒళ్లో ఉన్న చీపురు కట్టు మీద బొటనవేలు పెట్టింది.

"కాదు. ఇక్కడ గడ్డి కోస్తాను."

కట్రి సాయంత్రం సైకిలు మీద వచ్చింది. ఎండ ఇంకా చెట్ల పైన ఉంది. రైలి ఏడో బుట్ట దగ్గర ఉంది. మిట్ట చుట్టూ గడ్డి కోసి ఉంది. అరుగునుంచి బుట్టదాకా దారి దువ్వినట్టు ఉంది. పూల దగ్గరికి వచ్చేసరికి చక్రాల గుర్తు వంపు తిరిగి, రాయి పక్కనుంచి వెళ్లిపోయింది.

"కొయ్యలేదే, రైలీ."

"యంత్రం అటు తిరగదు."

కట్రి కోతబండికేసి చూసింది. నిలబడ్డచోటే గిర్రున తిరిగే బండి అది. పోయినేడు ఆమే కొనిపించింది. ఆ తర్వాత రైలికేసి చూసింది. రైలి పూలకేసి చూస్తోంది. ఇక మీదట దీన్ని కోసినా, కొయ్యకపోయినా, ఏమైందోనని ఫోను చేసి అడిగేవాళ్లు లేరు.

కట్రి సైకిలు స్టాండు వేసింది.

"పోనీ, చుట్టూ తాడు కడదాం," అంది. "డిస్క్ లోపల పడితే ఒక విసురు ఎక్కువ వేసుకోవాలని రూలు పెడదాం. నిషేధం అంటే ఎవరూ ఏమీ అనరు. గడ్డి అంటేనే అంటారు."

"వెసా అంటాడు."

"వెసా ఎలాగూ అంటాడు."

ఇద్దరూ కలిసి గుంజలు పాతి తాడు కట్టారు. కట్రి ఒక చివర పట్టుకుంది. రైలి రెండో చివర ముడి వేసింది. మెలి ఎడమకి తిరిగింది.

కట్రి వెళ్లిపోయాక రైలి కోతబండిని షెడ్డులో పెట్టి, కత్తుల కింద అంటుకున్న గడ్డి గీకి, తాళం వేసింది. చీపురు తీసుకుని, తన సైకిలు తోసుకుంటూ మొదటి అరుగుదాకా నడిచింది. మేకుకున్న పాత చీపురు తీసింది. అది తాను కట్టింది. కొసలు సగానికి అరిగాయి. దాన్ని సైకిలు వెనక కట్టుకుంది. కొత్తదాన్ని చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. ఇంటికి తీసుకుపోవచ్చు. గోడకి తగిలించుకోవచ్చు. ఎవరూ అడగరు.

ఆమె అరుగు మీదికి ఎక్కింది. రాత్రి గాలికి రాలిన పైన్ ఆకులున్నాయి. అరుగు అంచు దాకా ఊడ్చింది. ఊడ్చి, చీపురును మేకుకి తగిలించి, సైకిలు ఎక్కి వెళ్లిపోయింది. ఎడమ కాలు ముందు.

భోజనాలయ్యాక, పొద్దింకా ఉండగానే ఆడడానికి వచ్చినవాళ్లెవరో దాన్ని తీసి ఊడ్చుకుని, తిరిగి తగిలించారు. మేకుకి వేలాడుతున్న చీపురు కట్టు బిగుతుగానే ఉంది. కొసలు మాత్రం అప్పుడే కొద్దిగా ఒక పక్కకి వంగాయి.