తుండుక్ కింద కుందుజ్

గుల్సున్‌ని గుర్రం తన్నిందన్న కబురు పొద్దున పాలు పిండే వేళకే మా గుడారాలన్నిటికీ పాకిపోయింది. పెద్ద దెబ్బేం కాదు. తొడ మీద గిట్ట అచ్చు పడింది, కుంటుతోంది. మామూలు రోజైతే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. కానీ ఆ రోజు పందెం.

ఎండాకాలం మేతకు అలాయ్ కొండల మీదికి వచ్చిన ఊళ్లన్నీ ఏటా ఒక రోజు మైదానంలో కలుస్తాయి. మగవాళ్లకి గుర్రాల ఆటలు ఎటూ ఉంటాయి. ఆడవాళ్లకి ఉన్ని ఇళ్ల పందెం. ఊరికో జట్టు. విప్పి నేలమీద పడేసిన ఇంటిని ముందుగా నిలబెట్టి, కంబళ్లు కప్పి, లోపల పొయ్యి రాజేసి ఎవరు టీ కాస్తారో వాళ్లదే గెలుపు. ఆ ఏడాది బహుమానం జూలు ఎర్రగా మెరిసిపోతున్న ఆడగుర్రం. దాన్ని చూసిన దగ్గర్నుంచీ మాకెవరికీ కాలు నిలవడం లేదు.

మా జట్టులో తుండుక్ ఎత్తేది గుల్సునే. తుండుక్ అంటే ఇంటి నడినెత్తిన కూర్చునే చెక్క చక్రం. దాన్ని పొడుగాటి గుంజ కొసన నిలిపి, చుట్టూ ఉన్నవాళ్లు వాసాలన్నీ దానిలో గుచ్చేదాకా ఒకరు కదలకుండా పట్టుకోవాలి. పొడుగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి. గుల్సున్ లేకపోతే జట్టు లేనట్టే.

"ఇంకో పొడుగు మనిషి ఉందిగా మనకి," అన్నాను నేను.

మా నాయకురాలు సత్కిన్ నడుం మీద చేతులు పెట్టుకుని నావైపు తిరిగింది. "ఎవరు, మా కొంగా? బాగా చెప్పావ్! బిందె ఎత్తితే మణికట్టు నొప్పి, ఎత్తకపోతే మోకాలు నొప్పి. దానికి తుండుక్ ఇస్తే ఇల్లు నిలబెట్టడం కాదు, దాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకో నలుగురు కావాలి."

కొంగ అంటే సత్కిన్ తోడికోడలు కుందుజ్. మా వెనకే నిలబడి ఉంది, చేతిలో టీ కెటిల్‌తో. ఆమె మాట్లాడుతుందని ఎవరమూ అనుకోలేదు.

"నేను ఎత్తుతా అక్కా," అంది.

"ఏంటీ?"

"తుండుక్. నేనెత్తుతా. మధ్యలో వదలను. వదిలితే చలికాలం అంతా మీ ఇంటి పేడ నేనే ఎత్తిపోస్తా."

అందరం గొల్లున నవ్వాం. సత్కిన్ కూడా నవ్వింది. వేరే దారి లేదని ఆమెకీ తెలుసు.

కుందుజ్ నొప్పుల సంగతి మా కొండ మీద తెలియనివాళ్లు లేరు. ఆరేళ్లప్పుడు మొదలయ్యాయట. గొర్రెల వెంట పగలంతా పరిగెత్తి వచ్చి, పడుకోగానే మోకాళ్లు పట్టుకుని ఏడ్చేది. తర్వాత చీలమండలు, తర్వాత వేళ్లు. కలం పట్టుకుంటే వేలు వెనక్కి విరిగినట్టు వంగిపోయేది. బళ్లో పిల్లలు ఆమె చుట్టూ మూగి, "వంచు వంచు, ఇంకా వంచు," అని చేయించుకుని కేరింతలు కొట్టేవాళ్లు. వాళ్లమ్మ అనర్కాన్ ఎక్కని గడప లేదు. ఎముకలు సరిచేసే ముసలాయన పిసికి పిసికి వదిలాడు. అప్పుడే కోసిన గొర్రె తోలు వెచ్చవెచ్చగా కాళ్లకు చుట్టి పడుకోబెట్టారు. వేడినీటి ఊటల్లో ముంచారు. ముల్లా ఊదాడు. పట్నంలో ఫొటో తీసిన డాక్టరు, "ఎముకలు గుర్రప్పిల్ల ఎముకల్లా ఉన్నాయి, ఎదిగే నొప్పులు," అన్నాడు. ఎదిగింది, పోలేదు. పెళ్లయితే పోతాయన్నారు. కాన్పయితే సర్దుకుంటుందన్నారు. మా ఎర్మెక్‌ని చేసుకుని వచ్చి, కూతుర్ని కన్నాక కూడా పోలేదు. ఇక మిగిలింది ఒకటే మాట. సత్కిన్ దాన్ని దాచుకునే మనిషి కాదు: "పని దొంగ."

కుందుజ్ ఆ మాటకు ఎప్పుడూ బదులు చెప్పలేదు. ఒక రోజు బాగుండేది, ఒక రోజు మంచం దిగలేకపోయేది. బాగున్న రోజున ఇద్దరి పని చేసేది. దాంతో జనానికి అనుమానం ఇంకా పెరిగేది. నిన్న లేని నొప్పి ఇవాళ ఎలా వచ్చిందని.

మైదానం చేరేసరికి గుర్రాలు, లారీలు, పొగ, పిల్లల ఏడుపులు, బోర్సోక్ పిండిముక్కలు వేగుతున్న నూనె వాసన. నదికి అవతలి ఊరి జట్టు అప్పటికే తలలకు ఒకే రంగు రుమాళ్లు కట్టుకుని తయారుగా ఉంది. వాళ్ల జట్టు వెనక దుప్పటి మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. రిస్కాన్ అవ్వ. ఒకప్పుడు వాళ్ల నాయకురాలు ఆవిడే. ఇప్పుడు కూర్చున్నచోటు నుంచే కేకలేస్తుంది.

"ఏమే సత్కిన్! ఈసారి దీపస్తంభాన్ని తెచ్చుకున్నావా?" అని అరిచింది కుందుజ్‌ని చూసి.

"మీ ఇల్లు కూలినప్పుడు చీకట్లో వెతుక్కోవడానికి పనికొస్తుందని తెచ్చా అవ్వా!" అంది సత్కిన్. రెండు వైపులా ఈలలు.

విజిల్ ఊదారు.

ఆ తర్వాత ఏమైందో అడిగితే నాకు సగమే గుర్తుంది, చేతులకే ఎక్కువ గుర్తుంది. ద్వారబంధం నాది. దాన్ని నిలబెట్టేలోగా జాలీ గోడలు అకార్డియన్‌లా సాగి గుండ్రంగా తిరిగి నా దగ్గరకి వచ్చేశాయి. కట్టు, లాగు, ముడి! సత్కిన్ గోడల పట్టీని ఇంటి చుట్టూ పరిగెత్తుతూ బిగిస్తోంది. "తుండుక్! తుండుక్!" అని అరుస్తోంది. కుందుజ్ గుంజను చక్రానికి తగిలించి ఒక్క ఊపున పైకి లేపింది. గుల్సున్ కూడా అంత సాఫీగా ఎప్పుడూ లేపలేదు. గుంజను చేతులతో కాకుండా గుండెకు ఆనించుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, దాన్ని వాటేసుకుని నిలబడింది. నాలుగు దిక్కుల నుంచి నాలుగు వాసాలు గుచ్చాం. చక్రం ఊగడం మానేసింది. పక్కకి చూశాను. అవతలి ఊరి తుండుక్ ఇంకా గాల్లో తిరుగుతోంది.

"మనమే ముందు!" అని అరిచాను. "మనమే ముందు, పిల్లలూ!"

అప్పుడే కొండ మీద నుంచి గాలి దిగింది. అలాయ్ గాలి చెప్పి రాదు. వాసాలు నాలుగూ గడ్డిపోచల్లా కదిలిపోయాయి, చక్రం ఒక పక్కకి ఒరిగింది. కుందుజ్ కుడిచెయ్యి చాచి గుంజను పైన పట్టుకుని లాగింది. 'టక్'మని చప్పుడు వినబడింది. వాసం విరిగిందనుకున్నాను.

"అక్కా," అంది కుందుజ్. గొంతు పెంచలేదు. "నా భుజం జారింది. గుంజ వదలను. మీరు ఆపకండి."

సత్కిన్ "నాటకాలు..." అంటూ తిరిగి చూసింది, మాట సగంలో ఆగిపోయింది. పల్చటి చొక్కా కింద భుజం గుండ్రంగా లేదు. ఎముక ఉండాల్సినచోట గుంట, ఉండకూడనిచోట బొడిపె. కుందుజ్ మొహం పిండిలా తెల్లబడింది. కుడిచెయ్యి వేలాడుతోంది. అయినా ఎడమచేత్తో గుంజను గుండెలకు అదుముకుని, గడ్డం కూడా దానికి ఆనించి, అలాగే ఉంది. చక్రం నిలబడే ఉంది.

"ఓరి దేవుడా," అంది సత్కిన్. పట్టీ కొస నా మీదికి విసిరేసి ఒక్క గెంతులో గుంజ కిందికి దూరింది. "పట్టుకున్నా! వదులు!"

"వదిలితే ఒరుగుద్ది!"

"ఒరగదే, నేనున్నా! వదులు, నా తల్లీ, వదులు!"

కుందుజ్ వదిలింది. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా బయటికి తిప్పి, పైకెత్తి, లోపలికి తెచ్చింది. ఇంకోసారి టక్. పెద్దగా ఊపిరి వదిలి లేచి నిలబడింది. ఇదంతా మేం ఇంకో నాలుగు వాసాలు గుచ్చేలోపే.

"ఇలా ఎన్నిసార్లు జారిందే నీకు?" సత్కిన్ గుంజ కింది నుంచే అడుగుతోంది.

"అలవాటే అక్కా. ముందు వాసాలు చూడండి!"

"అలవాటే అంట! విన్నారా, అలవాటే అంట!" సత్కిన్ ఏడుస్తోందో తిడుతోందో తెలియలేదు. "లాగండే! చచ్చినట్టు లాగండి!"

అంత వేగంగా మేం మళ్లీ ఎప్పుడూ పని చేయలేదు. వాసాలు నిండాయి, చక్రం తన బరువుతో తానే నిలిచింది, గుంజ తీసేశాం. గోడలకు చాప, పైన కంబళ్లు, తాళ్లు. ఎవరు ఏది పట్టుకున్నారో తెలియదు. కుందుజ్ కుడిచేతిని నడుంగుడ్డలోకి దోపుకుని, ఒంటిచేత్తో పొయ్యిలో పిడకలు సర్ది, అగ్గిపుల్ల పళ్లతో పట్టుకుని గీసింది. జనం మా ఇంటి చుట్టూ మూగిపోయారు. "కొంగా! కొంగా!" అని అరుస్తున్నారు. ఆ అరుపులో ఎగతాళి లేదు.

కెటిల్ మూత లేచేలోగా అవతలి ఊరి ఇంట్లోంచి ఆవిరి వచ్చింది. రెప్పపాటులో పోయింది ఆడగుర్రం. మాకు దక్కింది రెండో బహుమానం, పొట్టేలు. కానీ మా కేకలు విన్నవాళ్లు గుర్రం మాకే వచ్చిందనుకుని ఉంటారు.

ఇంతలో జనాన్ని కర్రతో తోసుకుంటూ రిస్కాన్ అవ్వ లోపలికి వచ్చింది. గెలిచిన తన జట్టును వదిలేసి నేరుగా కుందుజ్ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"భుజం అలా పెట్టుకోవడం ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదవ్వా. నాకే తెలిసింది."

"మా నాన్న అచ్చం అలాగే పెట్టుకునేవాడు. గుర్రాల మీద మేకను లాక్కునే పోటీలో గుర్రం మీదే జారేది, గుర్రం మీదే పెట్టుకునేవాడు. వాళ్లన్నకీ అంతే." అవ్వ తన చెయ్యి చాచి, బొటనవేలిని వెనక్కి వంచింది. అది వంగి వంగి మణికట్టుకు తగిలింది. ఎనభై దగ్గరపడ్డ మనిషి వేలు! "నీది చూపించు."

కుందుజ్ తన వేలు వంచింది. అదీ అలాగే తగిలింది. గుడారంలో ఒక్కసారిగా గోల. అందరం మా మా వేళ్లు వంచి చూసుకుంటున్నాం, అమ్మో అబ్బో అంటున్నాం. ఎవరిదీ సగం దూరం కూడా పోలేదు.

"పొద్దున లేవగానే చీలమండలు పట్టేస్తాయా?" అంది అవ్వ.

"పట్టేస్తాయి!"

"కొండ దిగేటప్పుడు మోకాలు పక్కకి పోతుందా?"

"పోతుందవ్వా, పోతుంది!" కుందుజ్ గొంతు లేస్తోంది. "ఒక రోజు ఏమీ ఉండదు, మర్నాడు..."

"మర్నాడు లేవలేవు. తెలుసులే. నాకు చెప్పకు, నేను చెప్తా నీకు." అవ్వ ఆమె గడ్డం పట్టుకుంది. "మీ అమ్మ ఏ ఇంటి ఆడపడుచు?"

మాకు తండ్రివైపు ఏడు తరాల పేర్లు నోటికి రావాలి. కానీ అమ్మవైపు ఎవరడుగుతారు? కుందుజ్ తడుముకుంటూ చెప్పింది. అమ్మ అనర్కాన్. అమ్మమ్మ ఉల్జాన్.

"ఏ ఉల్జాన్? కనుమ దాటి ఇచ్చిన ఉల్జానా? ఎడమకంటి కింద మచ్చ?"

"అవును!"

అవ్వ కర్ర నేలకేసి కొట్టింది. "మా పెదనాన్న కూతురే! ఉల్జాన్ మా పెదనాన్న కూతురు! ఏమే అమ్మాయిలూ, ఇది మా ఇంటి పిల్ల! మా ఇంటి కీళ్లు దీనివి!" అంటూ కుందుజ్‌ని వాటేసుకుని, భుజం గుర్తొచ్చి చప్పున వదిలేసింది. "నా మనవరాలికీ ఉంది. ఓష్ పట్నంలో డాక్టరీ చేస్తోంది. దీనికి పేరు కూడా ఉందంది. రష్యన్‌లో బారెడు పేరు, నా నోట్లో పట్టలేదు."

పేరుంది! కుందుజ్ ఆ మాట రెండుసార్లు అంది. తర్వాత లేచి బయటికి పరిగెత్తింది. "అమ్మకి చెప్పాలి!"

మా మైదానంలో ఫోను పలకదు. వెనక ఉన్న గుట్ట ఎక్కాలి. సత్కిన్ తన గుర్రాన్ని తెచ్చి, కుందుజ్‌ని చేతులతో ఎత్తి ఎక్కించి, తనే కళ్లెం పట్టుకుని నడిచింది. మేమంతా వెనకే. గుట్ట మీద గాలికి మాటలు వినబడవని కుందుజ్ ఫోను గొంతు పెంచి పెట్టింది.

"అమ్మా, నీ బొటనవేలు వెనక్కి వంచు!"

"ఏంటే? పిండి కలుపుతున్నా."

"కడుక్కుని వంచమ్మా! మణికట్టుకి తగులుతుందా?"

నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. "తగిలింది. అయితే ఏంటట? ఎప్పుడూ తగులుద్ది. అందరికీ తగలదూ?"

"తగలదమ్మా! ఎవరికీ తగలదు! అమ్మా, నీకు మోకాళ్లు నొప్పులా?"

"నొప్పి ఎవరికి ఉండదే? పుట్టినప్పట్నుంచీ ఉన్నాయి. పొద్దున లేవగానే ఆడాళ్లందరికీ ఉంటాయి కదా, ఎవరూ చెప్పుకోరు గానీ. నువ్వు చిన్నప్పుడు అంత ఏడిస్తే నీకు నాకంటే ఎక్కువ ఉందేమోనని భయపడి తిప్పా... ఏంటే, ఏడుస్తున్నావా?"

"లేదమ్మా. నవ్వుతున్నా."

రెండూ చేస్తోంది. సత్కిన్ కళ్లెం పట్టుకుని కొండవైపు చూస్తూ, ముక్కు చీదుకుంటూ నిలబడింది. "పిన్నీ," అంది ఫోనులోకి వంగి, "మీ అమ్మాయి చేత ఇవాళ్టి నుంచి బిందె ఎత్తించను. ఎత్తుతానన్నా ఎత్తనివ్వను. కానీ వచ్చే ఏడు తుండుక్ మాత్రం..."

"మాత్రం నేనే," అంది కుందుజ్.

అనర్కాన్ పాల లారీ ఎక్కి ఆ వారంలోనే కొండ మీదికి వచ్చింది. రిస్కాన్ అవ్వా ఆవిడా మోకాళ్ల గురించి అంతసేపు మాట్లాడుకోవడం చూస్తే పెళ్లి మాటలేమో అనుకోవాలి. ఆకులు రాలే కాలంలో తల్లీకూతుళ్లు ఓష్ వెళ్లారు. అవ్వ మనవరాలు ఇద్దరి కీళ్లూ ఒక్కొక్కటే వంచి చూసి, నయం చేసే మందు లేదని ఉన్నమాట చెప్పింది. కండ బలపడితే కీలు తక్కువ జారుతుందని కొన్ని కసరత్తులు నేర్పింది, భుజానికి పట్టీ ఇచ్చింది, పిల్లలు అడిగినా వేళ్లు వంచి చూపించొద్దంది. కుందుజ్ కూతురు పెద్దదవుతుంటే దాని మోకాళ్లు గమనిస్తూ ఉండమంది.

నొప్పి ఉంది. మొన్న మంచు పడ్డప్పుడు కుందుజ్ మంచం దిగలేదు. సత్కిన్ ఆమె ఆవుల్ని కూడా పిండి, తలుపులో నిలబడి అడిగింది: "ఇవాళ ఎక్కడే?"

"చీలమండలక్కా. కుడివైపు ఎక్కువ."

"సరే, పడుకో," అని పాలు కాచడానికి వెళ్లిపోయింది.