లేవచ్చా?

"ఆ గది దుప్పట్లు ఆరేసి వెళ్ళు," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. "కిటికీలు కూడా తెరిచిపెట్టు, పెద్దమ్మకి మందుల వాసన పడదు. ఒంటిగంటకల్లా వచ్చేస్తావుగా?"

వచ్చేస్తానంది. దుప్పట్లు అప్పటికే తీగ మీద ఉన్నాయి. కిటికీలూ తెరిచే ఉన్నాయి. "వెళ్ళొస్తానండీ," అని ఒకసారి అని, ఆయన పేజీ తిప్పేదాకా ఆగి మళ్ళీ అంది. "ఊఁ," అన్నాడాయన. అప్పుడు చెప్పులేసుకుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ ఊఁ చెవిన పడకుండా ఆమె గడప దాటిన రోజు లేదు. ఆ మాటకొస్తే ఆయన ఏనాడూ వద్దనలేదు. వద్దనని మనిషిని పదేపదే ఎందుకడుగుతోందో ఆమే ఎప్పుడూ ఆలోచించలేదు.

అత్తగారు పోయి మూడు నెలలైంది. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఆవిడ మంచంలోనే ఉంది. ఆ తొమ్మిదేళ్ళూ ఆమె కళ్ళజోళ్ళ షాపులో పూటంతా నిలబడి, గిరాకీల చేత గోడ మీది అక్షరాలు చదివించి, ఇంటికొచ్చి ఆవిడకి తినిపించి, తుడిచి, పక్క మార్చి, మంచం పక్కన నేలమీద పడుకునేది. పోయిన రోజున వచ్చినవాళ్ళందరి ముందూ భర్త కళ్ళొత్తుకుంటూ, "మా అమ్మని కన్నతల్లిలా చూసుకుంది, నేను కూడా అంత చెయ్యలేదు," అన్నాడు. అందులో రెండో సగం అక్షరాలా నిజం. వచ్చిన ఆడవాళ్ళు ఆమె వైపు చూసి తలలూపారు. ఆమె తల వంచుకుంది. అణకువ అనుకున్నారంతా.

ఆ మెప్పే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. పోయిన వారం భోజనాల దగ్గర, నీళ్ళ గ్లాసు అందుకుంటూ ఆయనన్నాడు: "పెద్దమ్మకి మాత్రం మనం కాక ఎవరున్నారు చెప్పు? పాపం, పిల్లా పీచూ లేదు. గది ఖాళీగానే ఉంది. నీకూ అలవాటే కదా." అత్తగారి అక్కగారు. ఎనభై ఒకటి. తుంటి విరిగి పడుకుని ఉంది. రేపు ఆదివారం ఉదయం వ్యాను మాట్లాడి తీసుకొస్తారు. ఆమె సరేననలేదు. కాదనడానికైనా సరేననడానికైనా ఎవరూ అడిగితే కదా. నోరు విప్పాలంటే ఇవాళే విప్పాలి. కానీ ఏమని విప్పాలి? ఒళ్ళు వంగడం లేదందామా? వంగుతోంది. ముసలావిడంటే అయిష్టం అందామా? అదీ కాదు. ఆ గదిలో తనకో గొంతు వినిపిస్తోందని చెబితే డాక్టరుకి చూపిస్తారు, వ్యాను మాత్రం వస్తుంది.

సముద్రం దగ్గరికి ఆమె రావడం విచిత్రమే. షాపు యజమాని గిరాకీల కోసం తీసిన బహుమతి చీటీల్లో ఒకటి మిగిలిపోయింది, నీళ్ళ మీద తేలే పలక మీద నిలబడి తెడ్డు వేసే ఆటకి మొదటి పాఠం ఉచితం. "మీరు తీసుకోండి మేడమ్, పద్దెనిమిదేళ్ళ సర్వీసుకి సన్మానం అనుకోండి," అని నవ్వాడు. కుర్రపిల్లలంతా నవ్వారు. పాతికేళ్ళ మనిషికి ఇవ్వాల్సింది మోకాళ్ళు అరిగే మనిషికి ఇస్తున్నాడని వాళ్ళ నవ్వు. ఆమె చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుంది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆమే.

ఆ తీరం ఒక మూల. రెండువైపులా కొండ చేతులు చాపినట్టుంది, మధ్యలో రాళ్ళకట్ట. అలలన్నీ కట్ట అవతలే కొట్టుకుంటాయి. ఇవతల నీళ్ళు నడుంలోతు, చెరువులా ఊరికే ఉన్నాయి. పాఠానికి వచ్చింది ఇద్దరే, ఆమె, ఒక రిటైరైన లెక్కల మాస్టారు. మాస్టారు ఇంట్లో వీడియోలు చూసి వచ్చాడు. నేర్పే అమ్మాయి నోరు తెరవకముందే గురుత్వ కేంద్రం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. "కంగారు పడకండమ్మా, నన్ను చూస్తూ ఉండండి చాలు," అని ఆమెకి అభయమిచ్చాడు. ఆమె కంగారు పడలేదు. మెడలో ఈలతో, ఎండకి కమిలిన భుజాలతో నిలబడ్డ నేర్పే అమ్మాయి ఓపికగా విని, "అయిపోయిందా సార్? అయితే నేను మొదలుపెడతాను," అంది.

ముందు ఇసకలోనే పాఠం. పలక మధ్యలో మోకరిల్లాలి, కాలివేళ్ళు మడిచి ఆనించాలి, చేతులు ఆన్చకుండా ఒక్క ఊపున లేవాలి. మాస్టారు మూడుసార్లు చేతులు ఆన్చాడు. నాలుగోసారి నేర్పే అమ్మాయి భుజం పట్టుకుని లేచాడు. ఆమె వంతు వచ్చింది. మోకరిల్లింది, లేచింది. ఇసక కూడా కదల్లేదు.

"యోగా చేస్తారా మేడమ్?"

"లేదమ్మా. మా అత్తగారికి నిద్ర పల్చన."

వాళ్ళిద్దరూ నవ్వారు. ఆమెకీ నవ్వొచ్చింది. కానీ అది హాస్యానికి అన్న మాట కాదు. నేల పక్క మీంచి లేచేటప్పుడు మంచంకోడు పట్టుకుంటే మంచం కిర్రుమనేది, ముసలావిడ లేచి కూర్చునేది, ఇక ఆ పూటకి అంతే. అందుకని చెయ్యి ఆన్చకుండా, గాజులు పైకి తోసుకుని, వేళ్ళ మీద బరువేసి లేవడం నేర్చుకుంది. తొమ్మిదేళ్ళ పాఠం అది.

నీళ్ళలోకి వెళ్ళాక కథ అడ్డం తిరిగింది. చీలమండకి తాడు కట్టి, చేతిలో తెడ్డు పెట్టి, "ముందు మోకాళ్ళ మీదే నాలుగు తెడ్లు వెయ్యండి," అంది అమ్మాయి. వేసింది. పలక మెత్తగా జరిగింది. కింద ఇసక కనిపిస్తోంది, ఇసక మీద తన నీడ మోకరిల్లి కూర్చుని ఉంది. మాస్టారు అప్పటికే రెండుసార్లు నీళ్ళలో పడి, తప్పు పలకదేనని వాదిస్తున్నాడు.

"ఇక లేవండి మేడమ్."

"లేవచ్చా?" అంది ఆమె.

"ఆఁ, లేవండి."

వేళ్ళు మడిచింది. నడుము లేవలేదు. "లేవచ్చా?" అంది మళ్ళీ.

నేర్పే అమ్మాయి నడుంలోతు నీళ్ళలో నిలబడి విచిత్రంగా చూసింది. "నన్నెందుకడుగుతారు మేడమ్? మీకు కుదిరినప్పుడు లేవండి. నేనేం ఊఁ కొట్టక్కర్లేదు."

మూడోసారి ఆ మాట ఆమె అనలేదు. అది నోట్లోంచి దానంతటదే వచ్చింది, సన్నగా, వణుకుతూ, చివర కాస్త రాగం తీస్తూ. "లేవచ్చా... అత్తయ్యా?"

అది తన గొంతు కాదు. మూడు నెలలుగా ఆ గదిలో, దుప్పటి దులిపినప్పుడల్లా, మందుసీసాలు సర్దినప్పుడల్లా వినిపిస్తున్న గొంతు. గోడలోంచి వస్తోందనుకుంది ఇన్నాళ్ళూ. తన గొంతులోంచే వస్తోంది.

ఆఖరి ఏడాది అత్తగారికి మతి తప్పింది. కోడల్ని చూసి తన అత్తగారనుకునేది. నలభై ఏళ్ళ కిందట పోయిన ఆ మనిషిని ఈమె ఫోటోలో తప్ప చూడలేదు. కానీ ఆవిడ ఎలాంటిదో రోజూ తెలిసేది, ముసలావిడ భుజాలు ముడుచుకునే తీరులో. "అత్తయ్యా, లేవచ్చా? పని అయిపోయిందత్తయ్యా. ఒక్కసారి మా అమ్మని చూసి చీకటి పడకముందే వచ్చేస్తాను." వెళ్ళమంటే నిజంగా లేచి పడిపోతుంది. అందుకని డాక్టరు, వాయిదా వేస్తూ ఉండండి అన్నాడు. "రేపు వెళ్దువుగాని," అనేది ఈమె. ముసలావిడ ఆ రేపుని నమ్మేది. రోజూ నమ్మేది. "ఎన్నిసార్లు రేపంటావే పాపం," అని భర్త ఓ రోజు తలుపు దగ్గర నిలబడి నవ్వి, కాఫీ అడిగి వెళ్ళిపోయాడు.

ఆ చివరి ఉదయం షాపుకి ఆలస్యమైంది. అంతకుముందు రోజే యజమాని అందరి ముందూ, "మేడమ్‌గారికి ఇంట్లో రాచకార్యాలు ఎక్కువ," అన్నాడు. పక్క తడిసింది, రెండోసారి మార్చింది. ముసలావిడ మంచం అంచున కూర్చుని, నాలుగు వెంట్రుకలూ చేత్తో దువ్వుకుని, ఒళ్ళో దిండుని సంచీలా పట్టుకుంది. "అత్తయ్యా, ఇవాళ మా అమ్మకి బాగాలేదట. ఒక్క పూట..."

"కుదరదు," అంది ఈమె. "నోరు మూసుకుని పడుకో. కాలు కింద పెట్టావంటే విరగ్గొడతాను."

"అలాగే అత్తయ్యా," అంది ముసలావిడ. దిండు తల కింద పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం ఈమె వచ్చేసరికి అలాగే ఉంది.

ఆ మాట అన్నందుకు కాదు ఆమె ఇన్నాళ్ళూ కుమిలింది. అన్నప్పుడు ఎంత హాయిగా ఉందో, అందుకు. ఆ ఒక్క క్షణం నోటికి అది ఎంతో అలవాటైన మాటలా, ఎన్నాళ్ళుగానో తన కోసమే దాచి ఉంచిన మాటలా తగిలింది. జీవితంలో మొట్టమొదటిసారి ఒకరు తనని అనుమతి అడిగారు, తను కాదంది. అది తీపిగా ఉంది. ఆ గదిలో రేపటినుంచి ఇంకో ముసలావిడ పడుకుంటుంది. మంచినీళ్ళు కావాలంటుంది, కిటికీ వెయ్యమంటుంది, బెదురు బెదురుగా అడుగుతుంది. ఏదో ఒక ఉదయం తనకి ఆలస్యమవుతుంది.

పలక ఒకవైపు ఒరిగింది. ఆమె నీళ్ళలో పడింది. మునిగింది కూడా. నడుంలోతు నీళ్ళలో మునగడం మాస్టారికి కూడా చేతకాలేదు. ముక్కులోకి ఉప్పునీళ్ళు ఎక్కాయి. పైకి వచ్చేసరికి దగ్గుతోంది, ఏడుస్తోంది, ఏది ఏదో నేర్పే అమ్మాయికి తెలియలేదు. "ఇవాళ్టికి చాలిద్దామా మేడమ్?" అంది మెల్లగా.

"వద్దు," అంది ఆమె. పలక మీదికి పొట్టతో పాకి ఎక్కింది. మోకరిల్లింది. ఈసారి ఎవర్నీ అడగలేదు. వేళ్ళ మీద బరువేసి లేచింది. పాదాల కింద నీళ్ళు కదులుతున్నాయి, గొంతు ఇంకా లోపల ఎక్కడో అడుగుతూనే ఉంది. నిలబడగానే అది పోతుందేమోనని ఆశపడింది. పోలేదు. దాన్ని కూడా ఎక్కించుకునే తెడ్డు వేసింది, రాళ్ళకట్ట దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఒడ్డున మాస్టారు తువ్వాలు కప్పుకుని, "చూశారా, నేను చెప్పినట్టే చేశారు," అని చప్పట్లు కొట్టాడు.

ఒంటిగంట దాటి పావుగంటైంది. ఫోనులో నాలుగు మిస్డ్ కాల్స్. తీసేలోగా ఐదోది వచ్చింది.

"ఎక్కడున్నావ్? దిండు గలీబులు కనబడి చావడం లేదు. పెద్దమ్మ గదిలో అలమరంతా వెతికాను."

అప్పుడే అది పెద్దమ్మ గది అయిపోయింది.

"ఏవండీ," అంది ఆమె. "మీ అమ్మగారితో నేను ఆఖర్న ఏమన్నానో మీకు తెలుసా?"

"ఇప్పుడా సంగతెందుకు?"

చెప్పింది. ముసలావిడ ఏం అడిగిందో, ఎలా కూర్చుందో, తను ఏమన్నదో, ఆవిడ ఏమని గోడ వైపు తిరిగిందో. ఒక్క మాట మింగలేదు. ఎంత హాయిగా అనిపించిందో కూడా చెప్పింది.

ఆమె తడి జుట్టులోంచి నీళ్ళు కారి ఇసకలో గుంటలు పడుతున్నాయి. ఆయన అరుస్తాడనుకుంది. మా అమ్మని పొట్టన పెట్టుకున్నావు కదే అంటాడనుకుంది. మూడు నెలలుగా ఆ తిట్టుకి సిద్ధపడే ఉంది. అంటే పడేది. కాళ్ళ మీద పడి, ఇంటికెళ్ళి, గలీబులు తీసి, రేపటినుంచి పెద్దమ్మకి చాకిరీ చేసి ఆ పాపం కడుక్కునేది కూడానేమో.

"పోన్లే," అన్నాడాయన. "అలిసిపోయి ఏదో అనుంటావ్. నేనేం మనసులో పెట్టుకోను. ఎవరితోనూ అనకు, అంతే. ముఖ్యంగా పెద్దమ్మ ముందు. సరే, ఆ గలీబులెక్కడ?"

అర నిమిషం పట్టలేదు. తను తొంభై రోజులు మోసినదాన్ని ఆయన అర నిమిషంలో మడిచి అలమరలో పెట్టేశాడు. ఆయన అంత పెద్ద మనసు గలవాడని ఆమెకి ఇన్నేళ్ళలో తెలియదు. రేపు పొద్దున్న వ్యాను దగ్గర మనిషి కావాలి, అందుకే క్షమాపణ అంత తేలిగ్గా వచ్చింది. ఆమెకి ఏడుపు ఆగిపోయింది.

"గలీబులు కింది అరలో ఉన్నాయి," అంది. "పెద్దమ్మగారిని తీసుకురండి, పాపం. కానీ ఆ గదిలోకి నేను రాను. మీరు సెలవు పెట్టుకుంటారో, మనిషిని కుదుర్చుకుంటారో మీ ఇష్టం. ఆవిడ మళ్ళీ నన్నేదో అడుగుతుంది, నేను కాదంటాను. నా సంగతి నాకు తెలిసింది."

"పిచ్చిదానిలా మాట్లాడకు. మరి ఆవిణ్ణి ఎవరు చూస్తారు? నాకు చేతకాదని నీకు తెలుసు కదా."

"నాకూ చేతకాలేదండీ," అంది ఆమె. "ఇందాకణ్ణుంచీ మీకు చెబుతున్నది అదే."