ఒకే క్లాసు వద్దు

అక్కాచెల్లెళ్లిద్దరూ రెండు నటన స్కూళ్లలో ఆడిషన్లిచ్చారు. పేరున్న పెద్ద స్కూల్లో చెల్లికి మాత్రమే సీటొచ్చింది. ఇంటి దగ్గరున్న సాయంత్రం కోర్సులో ఇద్దరికీ వచ్చింది. నటన పిచ్చి ముందు పట్టింది అక్కకే. చెల్లిని తోడు తీసుకెళ్లిందీ తనే. అందుకే కడుపు రగిలిపోయింది.

“దేంట్లో చేరనక్కా?” అని చెల్లి అడిగింది.

“పెద్ద స్కూల్లో మనల్నెవరు పట్టించుకుంటారే? ఇక్కడే ఇద్దరం కలిసి చేరదాం,” అంది అక్క, ఏమీ ఎరగనట్టు.

చెల్లి నమ్మేసింది. ఆ సంబరంలో గిన్నెలు తోముతూనే ఆడిషన్లో చెప్పిన మాటలు మళ్లీ చెప్పింది. చేతుల నిండా సబ్బు నురగ ఉన్నా, బిడ్డను పోగొట్టుకున్న తల్లే అక్కడ నిలబడ్డట్టుంది. అక్కకు కళ్లు చెమర్చాయి, వెంటనే ఒళ్లు మండింది. రోజూ క్లాసులో కూర్చుని దీన్ని చూడాలా?

“నువ్వు పెద్ద స్కూలుకే పో.”

“ఇందాక వద్దన్నావుగా!”

“కుళ్లుకుని అన్నానే. నీ పక్కనుంటే నన్నెవరూ చూడరు. నువ్వటు పోతేనే నాకిక్కడ ఊపిరాడుతుంది.”

చెల్లి బిక్కమొహం వేసింది. కానీ మర్నాడు వెళ్లి పెద్ద స్కూల్లోనే చేరింది.

సాయంత్రం కోర్సులో మొదటిరోజు మాస్టారు అక్కను అడిగారు, “మీ ఇంట్లో ఇంకెవరైనా నటిస్తారామ్మా?”

“ఎవరూ లేరండీ,” అంది అక్క.