సుత్తుల సాగనంపు

స్విండన్ పట్నంలో కొండ మీది పాత ఊరివాళ్లకు కిందివాళ్లంటే ఎప్పుడూ చిన్నచూపే. కిందివాళ్లు కార్ఖానావాళ్లు మరి, రైలింజన్లు చేసి చేసి చేతులు నల్లబడ్డవాళ్లు. వాళ్ల రాతి ఇళ్ల వరసకు ఎదురుగా, రైలు పట్టాల కింద నుంచి ఒక సొరంగం కార్ఖానాలోకి పోతుంది. కార్ఖానా మూతబడి ఏళ్లయింది. ఇప్పుడక్కడ చొక్కాలూ చెప్పులూ అమ్ముతున్నారు. కాలం, ఏం చేస్తాం!

ఆ వరసలోనే ఒక ఇంట్లో పెర్సీ చావలేక చస్తున్నాడు. బాయిలర్లకు రివెట్లనే ఇనుప మేకులు కొట్టీ కొట్టీ, ఆ మోతకు ఎప్పుడో చెవులు పోగొట్టుకున్న మనిషి. ఒళ్లంతా నొప్పులు, మింగుడుపడని గంజి. అయినా ప్రాణం పోదు.

"నన్నింకా మోగించలేదే, ఎలా పోతాను?" అని రోజూ కూతురు హేజెల్‌ను అడుగుతాడు.

కార్ఖానాలో ఎవరైనా ఉద్యోగం ముగించుకుని ఆఖరిసారి ఇంటికి పోతుంటే, తక్కినవాళ్లంతా టోపీలు తీసేసి, దొరికిన ఇనుమునల్లా సుత్తులతో బాదేవాళ్లు. పోయేవాడి నెత్తిన మాత్రమే టోపీ ఉండాలి. అతను సొరంగం దాటేదాకా మోత ఆగకూడదు. పెర్సీ కాలు విరిగి ఆస్పత్రిలో ఉండగానే కార్ఖానా మూసేశారు. ఆ మోత అతనికి దక్కలేదు.

చివరికి హేజెల్, తండ్రితో ఒకే బాయిలర్ మీద పనిచేసిన క్లెమ్ దగ్గరికి వెళ్లింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదమంటావా?" అని నవ్వాడు క్లెమ్.

"నీకంతా నవ్వులాటే బాబాయ్! నాన్న బాధ చూళ్లేకపోతున్నా. మోగించు, హాయిగా పోతాడు."

క్లెమ్ నవ్వు ఆగిపోయింది. "ఉత్తినే మోగించకూడదమ్మాయ్. మొదలెట్టాక ఎవరో ఒకరు పోవాల్సిందే. మీ నాన్న నెత్తిన టోపీ పెట్టు. మోత ఆగేదాకా తియ్యకు."

మర్నాడు మధ్యాహ్నం మంచుతో కలిసిన వాన. క్లెమ్ పెర్సీ ఇంటి పెరట్లో బట్టలారేసే స్తంభానికి రైలు పట్టా ముక్క వేలాడదీసి, టోపీ లేకుండా తడుస్తూ సుత్తి ఎత్తాడు. లోపల హేజెల్ తండ్రికి టోపీ పెట్టింది. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, పెర్సీ కళ్లు తెరిచాడు.

"వినబడుతోందే!"

కార్ఖానా చోట వెలిసిన దుకాణాల వైపు నుంచి ఇంకో సుత్తి జవాబిచ్చింది. తర్వాత పది. తర్వాత లెక్కలేనన్ని. కిటికీ అద్దాలు దడదడలాడాయి. పెర్సీ నవ్వుతూనే ఉన్నాడు, ఊపిరి మాత్రం సన్నబడుతోంది. ఇన్నాళ్లూ పోతే బాగుండునని ఏడ్చిన హేజెల్‌కు ఇప్పుడు పోనివ్వడానికి చేతులు రాలేదు.

"ఒక్క రోజు నాన్నా, ఇంకొక్క రోజు!" అంటూ టోపీ లాగేసి పెరట్లోకి పరుగెత్తింది. "ఆపు బాబాయ్, ఆపు!"

"నేనాపి చాలాసేపయింది," అన్నాడు క్లెమ్. సుత్తి నేల మీదుంది. మోత సాగుతూనే ఉంది. చలికో భయానికో అతని పళ్లు టకటకలాడుతున్నాయి. ఆమె చేతిలో టోపీ చూశాడు. "నా కోసం తెచ్చావా తల్లీ? బతికించావు!"

ఆమె నోరు తెరిచేలోపే దాన్ని తలకు తగిలించుకున్నాడు.

అంతే. క్లెమ్ నిటారుగా నిలబడ్డాడు. కోటు గుండీలు పెట్టుకున్నాడు. పెరటి తలుపు తోసుకుని, ఒకప్పుడు అందరూ కార్ఖానా నుంచి బయటికొచ్చిన సొరంగం దారిన లోపలికి నడిచాడు.

"బాబాయ్! టోపీ తియ్యి!"

అతను వెనక్కి చూడలేదు. సొరంగం చీకట్లో కలిసిపోగానే మోత టక్కున ఆగింది. హేజెల్ వెనకాలే పరుగెత్తింది. లోపలి నుంచి సంచులతో వస్తున్న జనం ఎదురయ్యారు. టోపీ పెట్టుకున్న ముసలాయనెవరూ తమకు కనబడలేదన్నారు.

తిరిగి ఇంటికొచ్చేసరికి పెర్సీ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"భలే మోగించారే! ఇవాళ ఎవరు పోయింది?" అంటూ తల తడుముకున్నాడు. "నా టోపీ ఏదే, హేజెల్? అది లేకుండా నేనెలా పోను?"